కర్నూలు నుంచి హంసలదీవికి తెరచాప పడవలో ఇద్దరం: ఆనకట్టలు దాటేదెట్లా?

తుంగభద్ర_ఒడ్డు
మాది కర్నూలు. నాకు 54, మా ఆవిడకు 49. ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకరోజు సాయంత్రం ఏటి గట్టున నిలబడి "ఈ నీళ్ళే కదండీ మా ఊరికి పోయేవి" అంది. ఇరవై ఏడేళ్ళయింది, ఆ మాట మా ఇంట్లో అట్లే ఉండిపోయింది. ఇప్పుడు పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. పోయినేడాది పదహారు అడుగుల ఫైబర్ పడవ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దానికి తెరచాప కట్టి తుంగభద్రలో దిగి, కృష్ణలో కలిసి, సంగమేశ్వరం, శ్రీశైలం, సాగర్, బెజవాడ మీదుగా హంసలదీవి దగ్గర సముద్రం దాకా పోవాలని మా కోరిక.

పర్మిషన్ కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగినాను. మొదటిసారి చేపల పడవా అన్నారు. రెండోసారి టూరిస్టు బోటా అన్నారు. మూడోసారి "రెండూ కాకుంటే మా దగ్గర దానికి కాగితమే లేదు, ఇంటికి పో సార్" అన్నారు. చాలా బాధేసింది.

ఆనకట్టల దగ్గర పడవను ఎట్లా దాటించాలి? ఏ నెలలో పోవాలి? ఏరు తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

హంద్రీ_వంక
అన్నా, 2009 అక్టోబరు 2 మర్చిపోయినారా? ఆ రాత్రి మేము మిద్దె మీద పదకొండు మందిమి కూర్చున్నాం. కింద బీరువా తేలుతూ గోడలకు కొట్టుకునే చప్పుడు పొద్దున దాకా వినపడింది. తుంగ, హంద్రీ రెండూ ఒకేసారి వచ్చినాయి. ఏటితో ఆటలొద్దు.

తుంగభద్ర_ఒడ్డు
మర్చిపోలేదు తమ్ముడూ. మా ఇంటి గోడ మీద ఆ గీత ఇంకా ఉంది. వరద రోజుల్లో పడవ దించే ఆలోచన అసలు లేదు.

పాతకడప
కృష్ణ ఎందుకు సార్, పెన్న ఉంది కదా. గండికోట నుంచి మైలవరం, ఆ తర్వాత సోమశిల, నెల్లూరు, సముద్రం. దగ్గర దారి.

ఆత్మకూరు_అల్లుడు
సోమశిల మా దిక్కు కదా, కొల్లాపూర్ పక్కన కృష్ణ ఒడ్డున ఉండేది. పెన్న మీద ఎట్లా వస్తుంది?

పాతకడప
రెండు సోమశిలలు ఉన్నాయి అల్లుడు గారూ. మీది ఊరు, నేను చెప్పేది నెల్లూరు జిల్లాలో పెన్న మీది డ్యాం.

ఆత్మకూరు_అల్లుడు
అందుకేనేమో, మా మామ సోమశిలకు రమ్మంటే మా బావ నెల్లూరు బస్సెక్కినాడు.

కేసీకాలువ_రిటైర్డ్
పెన్న మాట వదిలేయండి. గండికోట, మైలవరం రిజర్వాయర్లలో నీళ్ళుంటాయి, వాటి మధ్యన, కింద చాలా దూరం ఇసుకే. పడవను మోసుకుంటూ నడవాలి.

అసలు మన సీమలో పడవ దారి కొత్త ముచ్చట కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి కడప దాకా తవ్విన కేసీ (కర్నూలు–కడప) కాలువను 1863లో మొదలుపెట్టి 1870 నాటికి పూర్తి చేశారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. దాదాపు 306 కిలోమీటర్లు. సాగుకు మాత్రమే కాదు, పడవలు నడవాలని కూడా తవ్వినారు, లాకులు కట్టినారు. కంపెనీ అనుకున్న లాభాలు రాలేదు, 1882లో సర్కారు కొనుక్కుంది. కర్నూల్లో హంద్రీ మీద కాలువ వంతెన ఎక్కి పోతుంది చూడండి, కింద ఏరు, పైన కాలువ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నేను వందసార్లు దాని మీద నడిచి ఉంటాను, ప్రతిసారీ ఆగి చూసేవాణ్ణి.

లాకు అంటే తెలియనివాళ్ళకు: రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూస్తారు, తూములు తెరిచి నీటిని నెమ్మదిగా కిందికి వదులుతారు. పడవ నీటితో పాటే దిగుతుంది. కింది మట్టానికి సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. మోటారు అక్కర్లేదు, నీటి బరువే పని చేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. శ్రీశైలానికీ సాగర్‌కూ అట్లాంటి లాకు లేదు. శ్రీశైలం డ్యాం ఎత్తు 145 మీటర్లు. సాగర్ కింద టెయిల్ పాండ్ అనే చిన్న ఆనకట్ట ఉంది, ఆ తర్వాత పులిచింతల. అన్ని చోట్లా పడవను బండెక్కించాల్సిందే.

ప్రొద్దుటూరు_అలబామా
పైన లాకుల గురించి చదివి రాయకుండా ఉండలేకపోతున్నా. మాది ప్రొద్దుటూరు, ఎనిమిదేళ్ళుగా అలబామాలో ఉన్నాం. ఇక్కడ భార్యాభర్తలు ఇద్దరే పడవలో దేశం తూర్పు సగాన్ని చుట్టి వచ్చే దారి ఉంది, గ్రేట్ లూప్ అంటారు, దాదాపు 6,000 మైళ్ళు. అందులో షికాగో నుంచి ఇల్లినాయి, మిసిసిపీ, ఒహాయో, టెనెసీ నదుల మీదుగా వచ్చి, టెనెసీ–టాంబిగ్బీ కాలువలో దిగి, మొబైల్ దగ్గర సముద్రం చేరతారు. ఆ కాలువ ఒక్కటే 234 మైళ్ళు, 10 లాకులు. చాలామంది రిటైరైనవాళ్ళే.

తెరచాప పడవల వాళ్ళు షికాగో దగ్గరే స్తంభం దించి పడవ మీద పడుకోబెడతారు. ఆ దారిలో కదలని వంతెన ఒకటి 19 అడుగుల చిల్లర ఎత్తే ఉంటుంది. మళ్ళీ స్తంభం నిలబెట్టేది మొబైల్ దగ్గరికి వచ్చాకే. మధ్యలో అంతా ఇంజినే.

ఒకసారి మేము లాకు చూడ్డానికి పోయాం. డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో ఒక జంటకు. ముందు భాగంలో ఆమె, వెనక ఆయన, ఇద్దరి చేతుల్లో తాళ్ళు. ఆమె తాడును గుంజకు కట్టలేదు, ఒక చుట్టు తిప్పి కొస చేత్తో పట్టుకుంది. నీళ్ళు దిగేకొద్దీ కొంచెం కొంచెం వదులుతోంది. ఎందుకు కట్టలేదని అడిగితే "కడితే నీళ్ళు కిందికి పోతాయి, పడవ తాడుకు వేలాడుతుంది" అంది. మీరు కూడా ఎక్కడైనా మట్టం మారే చోట తాడు ముడేయొద్దు.

అక్కడ ప్రతి ఆనకట్టకూ లాకు ఉంది కాబట్టి సాగుతుంది. మన దగ్గర లేదు. అయినా మీరు పోవాలి సార్.

గాలిమర_అనంత
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. తెరచాప అన్నాక ముందు అడగాల్సింది అదే కదా.

మా అనంతపురం దిక్కు జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. రామగిరి, కడవకల్లు కొండల మీద గాలిమరలు ఎక్కువ తిరిగేది అప్పుడే. మీరు పోవాల్సింది తూర్పుకు, అంటే గాలి మీ వీపు మీదే ఉంటుంది. కానీ జూన్‌లో శ్రీశైలం వెనుక నీళ్ళు అడుక్కు పోయి ఉంటాయి, ఆగస్టులో వరద. నవంబరు తర్వాత నీళ్ళు నిండుగా, నిలకడగా ఉంటాయి, అప్పుడు గాలి ఈశాన్యం నుంచి మీ మొహానికి కొడుతుంది. గాలి కలిసొచ్చినప్పుడు నీళ్ళు కుదరవు, నీళ్ళు కుదిరినప్పుడు గాలి కలిసిరాదు. పడవ కింద దించే పలక ఉందా మీకు? అది లేకుంటే ఎదురుగాలికి పడవ పక్కకు జారిపోతుంది, ముందుకు పోదు.

దివిసీమ_ఆడపడుచు
నమస్కారాలు ఎవరూ పెట్టుకోవడం లేదు కాబట్టి నేనూ నేరుగా విషయానికి వస్తా. పైన రాసిన ఆయన భార్యని.

పలక ఉందండీ. నడిమధ్య చీలికలోంచి తాడుతో దించుతాం. లోతు తక్కువైతే పైకి లాగుతాం. ఎదురుగాలికి వంకర్లు తిప్పుతూ పోవడం మా పుట్టింటి వైపు చిన్నప్పుడు చూసిందే. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి, నేరుగా పోయేదానికి రెట్టింపు దూరమవుతుంది.

తెరచాప నేనే కుట్టాను. మొదట టార్పాలిన్ పట్టతో మామూలు నిలువు కుట్టు వేశా. అవుకు రిజర్వాయరులో ఒక్క గాలికి కుట్టు వెంటే పర్రుమని చిరిగింది. గుడ్డ సాగుతుంది, దారం సాగదు. అంతా విప్పేసి నైలాన్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు వేశా. మూలల్లో నాలుగు పొరలు వేసి ఇత్తడి వళయాలు బిగించా. ఇప్పటికి ఆరుసార్లు గాలి పట్టింది, ఎక్కడా చిరగలేదు.

ఆయన ఆఫీసు గొడవ రాశారు కానీ నా షరతు రాయలేదు. నవంబరులో కింది వైపుకు రాను. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు ఏడాది. మా నాయనమ్మ నన్ను చీరకొంగుతో నడుముకు కట్టుకుని పెంకుల కప్పు మీద తెల్లవార్లూ పడుకుందట. మా వీధిలో మిగిలినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సంక్రాంతి దాటాకే సముద్రం వైపు.

హంద్రీ_వంక
అక్కా, కుట్టు గురించి చదివినాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మీరు ఆటలాడ్డానికి పోవడం లేదు.

నల్లమల_బీటు
అడవి ఉద్యోగంలో చాలా ఏళ్ళు చేసినవాణ్ణి. శ్రీశైలం డ్యాం కింది నుంచి సాగర్ దాకా రెండు ఒడ్లూ పులుల అభయారణ్యం. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్‌లో ఉంది, ఆంధ్ర వైపుది దేశంలోకెల్లా పెద్దది. అక్కడ ఒడ్డున టెంటు వేయడం, పొయ్యి వెలిగించడం కుదరదు, కుదరకూడదు కూడా. మొసళ్ళు బండల మీద ఎండకు పడుకుంటాయి, దూరం నుంచి చూస్తే మొద్దులే అనుకుంటారు. తెల్లవారుజామున నీటికుక్కలు గుంపులుగా వస్తాయి. వాటి చోటు అది.

మీరిద్దరూ ఆ ముక్కను సొంత పడవలో పోవద్దు. సాగర్ నుంచి శ్రీశైలానికి టూరిజం లాంచీ నడిచే రోజులు చూసుకొని అందులో ఎక్కండి. ఇంచుమించు పూట ప్రయాణం. నీళ్ళ మీద పోయినట్టూ ఉంటుంది, అడవికి ఇబ్బందీ ఉండదు.

ఇంకొకటి. శ్రీశైలంలో పాతాళగంగ దగ్గర పడవను పైకి తీద్దామని అనుకోవద్దు. వందల మెట్లు. పడవను సంగమేశ్వరం దిక్కే నీళ్ళలోంచి తీసి ట్రాలీ ఎక్కించండి. ఘాట్ రోడ్డు రాత్రిపూట మూసేస్తారు, పగలే దాటాలి.

తుంగభద్ర_ఒడ్డు
నదిని ముక్కలు చేసి పోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు సార్. కర్నూలు మెట్ల దగ్గర ఎక్కితే హంసలదీవిలో దిగాలని కదా మా కోరిక.

కేసీకాలువ_రిటైర్డ్
నదిని ముక్కలు చేసింది మీరు కాదు బాబూ. ఆ నీళ్ళు ఆపినందుకే ఇన్ని లక్షల ఎకరాలు పండుతున్నాయి, ఆ పనిలో నా చేతులూ ఉన్నాయి. ఉన్న ముక్కల్లో ప్రతిదాన్నీ బాగా చూడండి.

కర్నూలు దగ్గర దిగుతామంటున్నారు కదా, జనవరిలో ఊరి కింద ఏరంతా బండలు, మోకాటి లోతు. పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) అయితే పోతుంది, మీ పడవ పోదు. ఆ కొంచెం దూరం పుట్టిలో పోండి.

మునిగిన_ఊరు
ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆలోచించినా.

మీరు తెరచాప ఎత్తి పోయే నీళ్ళ కింద మా ఊరుంది. శ్రీశైలం రిజర్వాయరు కింద వందకు పైగా ఊళ్ళు పోయినాయి. 1981లో నాకు పదకొండేళ్ళు. మా నాయన ఇంటి దూలాలు, తలుపులు ఊడదీసి ఎద్దులబండి మీద వేసినాడు. మా అవ్వ రోలును వదల్లేక దాని పక్కనే కూర్చుంది. బండిలో చోటు లేదని దాన్ని అక్కడే వదిలినాం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తీసుకపోయి మళ్ళీ కట్టినారు, దేవుడికి చోటు దొరికింది. మా వాళ్ళల్లో, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 కింద ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్ళయినోళ్ళు ఉన్నారు.

మీ ప్రయాణం తప్పని నేను అనడం లేదు. పోయేటప్పుడు కింద ఊళ్ళున్నాయని తెలిసి పోండి. చెట్ల మొద్దులు, గోడలు ఉంటాయి, నీళ్ళు తగ్గినప్పుడు పడవ అడుగుకు తగుల్తాయి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి యాభై మందికి పైగా పోయినారు. నిమ్మళంగా కనిపించే నీళ్ళే అవి. లైఫ్ జాకెట్ విప్పొద్దు.

దివిసీమ_ఆడపడుచు
అన్నా, మీ ఊరు ఎక్కడుందో నీళ్ళ మీద నిలబడి గుర్తుపట్టగలరా? గుర్తుపడతానంటే మాతో రండి. పడవలో ముగ్గురికి చోటుంది.

మునిగిన_ఊరు
పడతాను. రెండు కొండల గుర్తులు ఉన్నాయి.

నాగాయలంక_మొగ
చెల్లెమ్మా, మీది మా పక్క ఊరేనన్నమాట! ఇక్కడి సంగతి చెబుతా వినండి.

బెజవాడ బ్యారేజీకి 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో, 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీటిలో, కట్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి ఆ గేట్లకే గుద్దుకున్నాయి. కాబట్టి వానాకాలంలో బ్యారేజీ ఎగువన పడవ కట్టిపెట్టి ఇంటికెళ్ళే పని పెట్టుకోవద్దు. వజీరాబాద్ నుంచి బెజవాడ దాకా జాతీయ జలమార్గం 4లో ఉంది, 157 కిలోమీటర్లు. పులిచింతల కింద దిగితే అమరావతి మీదుగా బ్యారేజీ దాకా మీ తెరచాపకు మంచి వెడల్పు దొరుకుతుంది.

బ్యారేజీ దాటాక సంక్రాంతి నాటికి ఏట్లో ఇసుక దిబ్బలే. అక్కడ మళ్ళీ బండే. పులిగడ్డ దిగువన దించండి, అక్కడ పోటు నీళ్ళు దొరుకుతాయి. పోటు ఎదురైతే లంగరేసి పడుకోండి, పాటు తీసినప్పుడు కదలండి, నీళ్ళే మిమ్మల్ని సముద్రం వైపు లాక్కెళ్తాయి.

గాలిమర గారు ఈశాన్యం అన్నారు. నిజమే కానీ ఇక్కడ రోజులో రెండు గాలులు. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రానికి తోలుతుంది, మధ్యాహ్నం నుంచి సముద్రం మీద నుంచి నేలకి. మా వాళ్ళు మొదటి గాలికి వేటకెళ్ళి రెండో గాలికి ఇల్లు చేరేవాళ్ళు. మీరు నాలుగింటికల్లా తెరచాప ఎత్తితే తొమ్మిదింటి దాకా గాలి మీదే.

జనాన్ని ఏరు దాటించే ఎదురుమొండి పంటు దారికి అడ్డం రావద్దు, అది ఆగలేదు. మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర ఇసుక మేటలు ఏటేటా జరుగుతుంటాయి. అక్కడ మా పడవ ముందు నడుస్తుంది, మీరు వెనక రండి.

ప్రొద్దుటూరు_అలబామా
స్తంభం ఎత్తు ఎంత పెట్టారు సార్? కరెంటు తీగలు చూసుకోండి. నీళ్ళ మీదకంటే ట్రాలీ మీద ఊళ్ళు దాటేటప్పుడే అసలు భయం.

తుంగభద్ర_ఒడ్డు
18 అడుగులు. కింద మడతబందు పెట్టించి, పడుకోబెట్టేలా చేసినాం. మొదటి రోజే ఒక ఊరి మొదట్లో సర్వీసు తీగకు జానెడు దూరంలో ఆపినాం. అప్పటి నుంచి రోడ్డెక్కితే స్తంభం పడుకోవాల్సిందే.

అందరి మాటా విన్నాక ఒప్పుకున్నాం. నాలుగు ముక్కలుగా పోతాం. పర్మిషన్ విషయంలో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021 కాగితాలు ప్రింటు తీసుకొని నాలుగోసారి పోయినా. ఈసారి ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ కూర్చోబెట్టి మొత్తం విన్నది. మొదటి ముక్కకు, పగటిపూట మాత్రమే అని రాసిచ్చింది. సంతోషంతో నాకు మాట రాలేదు.

పాతకడప
పెన్న మాట ఎత్తినందుకు నన్ను మర్చిపోకండి. జమ్మలమడుగు వస్తే ఉగ్గాని, బజ్జీ నా లెక్క.

దివిసీమ_ఆడపడుచు
జనవరి మూడో వారం. మొదటి ముక్క అయింది, రాయమని ఆయన నాకే ఇచ్చారు.

కర్నూలు కింద కొంత దూరం పుట్టిలో. పుట్టి నడిపే పెద్దాయన తెడ్డును ముందుకు పెట్టి నీళ్ళను తన వైపు లాక్కుంటాడు, వెనక్కి నెట్టడు. అట్లా లాగకుంటే అది ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. ఆ తర్వాత ట్రాలీ మీద వెళ్ళి సంగమేశ్వరం దిక్కున మా పడవ దించాం. ఏటా మునిగి తేలే సంగమేశ్వరం గుడి (ఆలంపురం తీసుకపోయిన కూడవెల్లి గుడి కాదు) ఇంకా నీళ్ళలోనే ఉంది. పది దాకా గాలి లేదు, తెరచాప తడిగుడ్డలా వేలాడింది. ఆ తర్వాత ఈశాన్యం లేచింది. ఆ ఒడ్డుకు, ఈ ఒడ్డుకు కోసుకుంటూ నాలుగు గంటల్లో పోయింది తక్కువే. చేపల వలల థర్మోకోల్ ముక్కలు కనిపించిన ప్రతిచోటా పలక పైకి లాగాం, ఎవరి వలా తెగలేదు.

మునిగిన_ఊరు అన్న మాతోనే ఉన్నారు. ఎడమ కొండ కొస వెనక బోడిగుట్ట నడుమకు వచ్చేదాకా ఒకవైపు, కుడివైపు గండి తెరుచుకునేదాకా ఇంకోవైపు, రెండూ సరిపోగానే "ఇక్కడే" అన్నారు. తెరచాప దించేశాం. లంగరు తాడును ఆయన చేతికిచ్చా. రెండు చేతులూ చాచి ఒక్కో బార కొలుస్తూ వదిలారు. తొమ్మిదో బారకు తాడు సడలింది. చాలాసేపు అట్లే పట్టుకుని కూర్చున్నారు. మేము మాట్లాడలేదు.

మునిగిన_ఊరు
తొమ్మిది బారలు. లంగరు పైకి లాగితే కొక్కేనికి నల్లమట్టి అంటుకొని వచ్చింది. జొన్నచేని మట్టి. గుడ్డలో కట్టి ఇంటికి తెచ్చినా.

హంద్రీ_వంక
చదువుతుంటే గొంతు పట్టేసింది అన్నా.

గాలిమర_అనంత
రెండో ముక్క ఎప్పుడక్కా? ఫిబ్రవరిలో గాలి మెల్లగా ఆగ్నేయానికి తిరుగుతుంది, అమరావతి దగ్గర ఏరు మలుపు తిరిగేచోట మీకు అనుకూలం కావచ్చు.

దివిసీమ_ఆడపడుచు
వచ్చే సోమవారం సాగర్ లాంచీ, అది ఉంటే. పడవ ఈలోపు ట్రాలీ మీద పులిచింతల కిందికి పోతుంది. మొగ అన్నయ్యా, మాఘ పౌర్ణమికి హంసలదీవి చేరాలని మా లెక్క. కుదురుతుందా?

నాగాయలంక_మొగ
కుదురుతుంది. పౌర్ణమికి పోటు పెద్దది, ఆ రోజే మొగలోకి రావద్దు. రెండు రోజులు ముందుగా నాగాయలంక రేవుకు చేరి ఆగండి. జనం సముద్ర స్నానాలకు వస్తారు, పడవలు కిక్కిరిసి ఉంటాయి. ఇంట్లో అమ్మగారికి చెప్పారా, ఏ దారిన వస్తున్నారో?

దివిసీమ_ఆడపడుచు
బస్సులో వస్తున్నామనుకుంటోంది. మీరు చెప్పకండి.